అలోప్యూరినాల్ పడదు, ఫెబుక్సోస్టాట్ వద్దన్నారు: గౌట్‌కి ఇంకేది మేలు?

గౌట్ అంటే రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లు వాచి నొప్పిపెట్టే జబ్బు. ఒడిశాలోని మా రాయగడలో యూరిక్ యాసిడ్ అనగానే అందరూ చెప్పేది ఒకటే: పప్పు మానెయ్. అలా పప్పు మానినవాళ్లే సాయంత్రం జీలుగు కల్లు దగ్గర కనిపిస్తారు, అది వేరే సంగతి. పథ్యం ఎంత గట్టిగా చేసినా రక్తపరీక్షలో తగ్గేది మహా అయితే 1 పాయింటు (mg/dL). 9 ఉన్నవాళ్లు 6 కిందికి రావాలంటే మందు ఉండాల్సిందే.

ఆ మందే కుదరకపోతే? మా మామయ్యకి యాసిడ్ తగ్గించే అలోప్యూరినాల్‌ మాత్రతో జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు. దాన్ని మళ్లీ ముట్టకూడదు, అందులో రెండో మాట లేదు. అదే పని చేసే ఫెబుక్సోస్టాట్ సంగతి వేరు. గుండెలో స్టెంట్ ఉందని డాక్టరు వెనకాడారు. 2018 నాటి పరిశోధనలో గుండెజబ్బున్నవాళ్లలో మరణాలు ఎక్కువ కనిపించాయి, 2020లో వచ్చిన మరో దాంట్లో ఆ తేడా కనిపించలేదు. అందుకే దాన్ని పూర్తిగా కొట్టేసే ముందు గుండె డాక్టరుని ఒకమాట అడగాలి.

అదీ కాదంటే ప్రొబెనెసిడ్. యాసిడ్‌ని మూత్రంలో బయటికి పంపుతుంది. కిడ్నీలు బాగుండి, రాళ్ల చరిత్ర లేకపోతే నా ఓటు దీనికే. నీళ్లు బాగా తాగాలి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగినవాళ్లకి పెద్దగా పనిచేయదు.

పెగ్లోటికేస్ ఇంజెక్షన్ అన్నిటికన్నా బలమైనది, యాసిడ్ పేరుకుని వేళ్ల మీద వచ్చిన సుద్దగడ్డలు కూడా కరుగుతాయి. రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కించాలి. 2010లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఖరీదు, రియాక్షన్ల భయం అలా ఉంచితే, మన ప్రాంతంవాళ్లు మరిచిపోకూడనిది జీ6పీడీ పరీక్ష. ఆ ఎంజైమ్ లోపం ఇక్కడి గిరిజన కుటుంబాల్లో ఉంటుంది. లోపం ఉన్నవాళ్లకి ఇది ఎక్కిస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి.

నొప్పి వచ్చినప్పుడల్లా వీధి చివర స్టెరాయిడ్ సూది వేయించుకోవడం అన్నిటికన్నా చౌక, అన్నిటికన్నా నష్టం. పొద్దున్నకి కాలు నేల మీద ఆనుతుంది, కానీ యాసిడ్ అంతే ఉంటుంది, షుగర్ పెరుగుతుంది. కొల్చిసిన్ కూడా నొప్పికే, యాసిడ్‌కి కాదు.

ఖర్చులేని పని ఒకటుంది. బీపీకి నీరు తీసే మాత్ర వాడుతుంటే అదే యాసిడ్‌ని పెంచుతుండొచ్చు. దాని బదులు లోసార్టాన్ అనే బీపీ మాత్ర కుదురుతుందేమో అడగండి, అది కొద్దిగా దించుతుంది. సొంతంగా మాత్రం మార్చొద్దు. విశాఖ బండెక్కేటప్పుడు వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ, క్రియాటినిన్ రిపోర్టూ సంచిలో వేసుకోండి. కాలు వాచి ఉన్నప్పుడు చేయించిన యూరిక్ యాసిడ్ మామూలుగా వచ్చినా నమ్మకండి, వాపు తగ్గిన రెండు వారాలకి మళ్లీ చేయించాలి.