చియాంగ్ దావ్ గుహలకు ప్యాకేజీ కట్టకండి

థాయ్‌లాండ్ వెళ్లే మనవాళ్లలో ఎక్కువమంది పట్టాయా, ఫుకెట్ చూసుకుని వచ్చేస్తారు. ఉత్తరాన చియాంగ్ మాయ్ దాకా వెళ్లినవాళ్లు కూడా ఇంకో 75 కిలోమీటర్లు ముందుకెళ్లి చియాంగ్ దావ్ చూడరు. చూడాల్సిన చోటు. కాకపోతే మా డబ్బు గుంజినట్టు మీ దగ్గర కూడా గుంజకూడదని ఇది రాస్తున్నాను.

అక్క, బావ, నేను. చియాంగ్ మాయ్‌లోని చాంగ్ ఫుయక్ బస్టాండులో మామూలు బస్సెక్కాం. మనిషికి 44 బాత్‌లు, గంటన్నర ప్రయాణం. హాయిగా దిగాం.

గొడవంతా బస దగ్గర. కొండ కింద చెక్క కాటేజీ, రాత్రికి 900. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు కూడా వచ్చాయి. కానీ బ్యాగులు దించకముందే యజమాని లామినేషన్ కార్డు ఒకటి చేతికిచ్చాడు. గుహ, అడవిలోని బౌద్ధ ఆరామం, బండి, అన్నీ కలిపి మనిషికి 800 అట. సొంతంగా వెళ్తే గుహలో దారి తప్పుతారని, ఆరామంలోకి ముందు చెప్పకుండా వెళ్తే రానివ్వరని కూడా చెప్పాడు. అక్కకి టెన్షన్ పట్టుకుంది. బావ వద్దంటున్నా వినకుండా 2,400 కట్టించింది.

మర్నాడు బండి ఎక్కిన కాసేపటికే గుహ వచ్చేసింది. గేటు దగ్గర మనిషికి 40 బాత్‌ల టికెట్. అది ప్యాకేజీలో లేదన్నాడు డ్రైవరు. లోపల లాంతరు పట్టుకుని దారి చూపించే ఆవిడకి 200. అదీ లేదట. అంటే మా 2,400 ఆ కాస్త దూరం బండికే! ఊళ్లో సాంగ్‌థ్యూ, అదే వెనక రెండు బల్లలుండే ట్రక్కు, గుహ దాకా బండి మొత్తానికి 150 అడుగుతుందని తిరిగొచ్చేటప్పుడు తెలిసింది. బావ ఎవర్నీ ఏమీ అనలేదు. గుహ చూసినంతసేపూ మాకు నాలుగడుగులు వెనకే నడిచారు. ఆయన అరిస్తేనే నయం.

గుహలో 360 మీటర్ల మేర కరెంటు బల్బులున్నాయి, శయన బుద్ధుడి విగ్రహం దాకా ఎవరికి వాళ్లే వెళ్లి రావచ్చు. అసలు సరదా 735 మీటర్ల పొడవున్న "థామ్ మా" అనే ఇంకో గుహ భాగంలో ఉంది. అక్కడ బల్బుల్లేవు, పెట్రోమాక్స్ లైటు వెలుగే. కొన్నిచోట్ల నడుం వంచాలి, కొన్నిచోట్ల పాకాలి. గైడు ఏనుగు, తామరపువ్వు అంటూ రాళ్లు చూపిస్తుంది, మనం తలూపాలి. ఆ 200 మాత్రం దండగ కాదు, పైన ఇంకాస్త టిప్పు ఇవ్వండి.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది దాని తర్వాతి చోటు గురించి. అదే రోడ్డులో ఇంకాస్త ముందుకెళ్తే వాట్ థామ్ ఫా ప్లాంగ్. టికెట్ లేదు, గేటు దగ్గర అడ్డుకునేవాళ్లు లేరు, హుండీ ఒకటుంది. థాయ్ అరణ్య భిక్షు సంప్రదాయాన్ని నిలబెట్టిన అచాన్ మన్ శిష్యుడు లువాంగ్ పూ సిమ్ ధ్యానం చేసుకున్న గుహ ఇది. ఆయన 1992లో పోయారు. భిక్షువులు ఇప్పటికీ ఇక్కడ ఉంటున్నారు. మన గుంటుపల్లి గుహల్లో భిక్షువులు ఎలా బతికేవారో ఊహించుకోవాల్సిందే. ఇక్కడ ఊహ అక్కర్లేదు, కుటీరం బయట తీగమీద కాషాయం ఆరేసి ఉంది.

ఎక్కాల్సిన మెట్లు ఐదొందల పైనే. దారి పొడుగునా చెట్లకి థాయ్‌లోనూ ఇంగ్లీషులోనూ ధర్మవాక్యాల బోర్డులున్నాయి. బావ ప్రతి బోర్డు దగ్గరా ఆగి పైకి చదివారు. ఆయాసం తీర్చుకోవడానికని మాకు తెలుసు, కానీ సగం దూరం వచ్చేసరికి మొహం విప్పారింది. పైన సున్నపురాయి కొండే కప్పుగా ప్రార్థన మందిరం, దానిపైన బంగారు రంగు చైత్యం, ఎదురుగా అంతా అడవే. గంటసేపు కూర్చున్నాం. దిగుదామని అన్నది నేనే, బావ కాదు.

అక్కకి మాత్రం చిన్న చివుక్కు. కొవ్వొత్తుల ప్యాకెట్ ఇవ్వబోతే భిక్షువు చేయి చాపకుండా ముందు ఒక గుడ్డ పరిచారు. ఆడవాళ్ల చేతి నుంచి వాళ్లు నేరుగా తీసుకోరు, గుడ్డ మీద పెట్టాలి. ఇది ఆ దేశమంతటా ఉన్న నియమమే, అవమానం కాదు. ముందే తెలిసి వెళ్తే మనసు కష్టపెట్టుకోనక్కర్లేదు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. కుటీరాల వైపు వెళ్లకండి, అవి చూడ్డానికి పెట్టినవి కావు.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ ప్రాంతమంతా పొలాలు, అడవులు తగలబడే పొగ. నవంబరు నుంచి జనవరి మంచిది. చేతిలో చిల్లర నోట్లు ఉంచుకోండి. శాకాహారులు హోటల్లో "జే" అని అడగాలి, అక్కకి రెండు పూటలూ అలాగే గడిచింది.

వచ్చేసేటప్పుడు బావ ఆ లామినేషన్ కార్డు యజమాని ముందు పెట్టి లెక్క అడిగారు. చాలాసేపు వాదించాక 500 వెనక్కిచ్చాడు. అందులో 300 అక్క పంపిస్తే మళ్లీ బండి కట్టించుకుని వెళ్లి ఆరామం హుండీలో వేసి వచ్చాను. బండికి అయింది ఇంకో 150.