బెజవాడ నుంచి హేవ్‌లాక్ దాకా: తక్కువ ఖర్చులో నీళ్ళ కింద ఫోటోలు

అండమాన్‌లో డైవింగ్‌కి వెళ్తున్నాం, ఏ కెమెరా కొనాలి అని బెజవాడలో ఎవరిని అడిగినా "గోప్రో తీసుకోండి" అంటారు. నన్నడిగితే మాత్రం ముందు నేనే ఒక ప్రశ్న వేస్తాను: ఎంత లోతు దిగుతున్నారు? కోర్సు ఏమీ చేయకుండా, ఇన్‌స్ట్రక్టర్ చేయి పట్టుకుని మొదటిసారి దిగేవాళ్ళని 12 మీటర్లు దాటనివ్వరు. డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు పూర్తి చేస్తే 18 మీటర్ల దాకా వెళ్ళొచ్చు. గోప్రో హీరో కెమెరాలేమో పైన హౌసింగ్ (కెమెరాని లోపల పెట్టి మూసే, నీళ్ళు చొరబడని గట్టి పెట్టె) లేకుండా 10 మీటర్ల వరకే తట్టుకుంటాయి. డీజేఐ ఆస్మో యాక్షన్ 4కి ఆ లెక్క 18 మీటర్లు, యాక్షన్ 5 ప్రోకి 20. ఒలింపస్ టీజీ-6కి 15. కాబట్టి డబ్బా మీద 'వాటర్‌ప్రూఫ్' అని ఉంటే సరిపోదు, పక్కన ఎన్ని మీటర్లు అని రాశారో చూడాలి.

నీళ్ళలో పది మీటర్లు దిగేసరికి ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు అవుతుంది. మెడలో వేసుకునే ప్లాస్టిక్ పౌచ్‌లో ఫోన్ పెట్టుకుని స్కూబాకి దిగుదాం అనుకునేవాళ్ళు దయచేసి ఆ ఆలోచన మానుకోండి. పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి బోటులో వెళ్ళేటప్పుడు ఆ పౌచ్ చక్కగా పనికొస్తుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. ఐపీ68 అని రాసి ఉన్న ఫోన్లూ అంతే. అది మంచినీళ్ళలో, తక్కువ లోతులో, అరగంటకి ఇచ్చిన హామీ.

నాతో వచ్చింది గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా తమ్ముడు. ఇద్దరం చెరో దారి పట్టాం. వాడు వాడేసిన గోప్రో హీరో 9 కొన్నాడు. నేను తెలిసినవాళ్ళ దగ్గర టీజీ-6 తీసుకున్నాను. కొత్తదైతే టీజీ నలభై వేల దగ్గర ఉండేది, అంత పెట్టే ఉద్దేశం నాకు లేదు. గవర్నర్‌పేట, బీసెంట్ రోడ్డు దుకాణాల్లో కెమెరాలు చూపించారు గానీ డైవింగ్ హౌసింగ్ మాత్రం ఎక్కడా లేదు, ఆన్‌లైన్‌లోనే తెప్పించుకున్నాం. పాత గోప్రో కొనేవాళ్ళకి ఒక మంచి సంగతి: హీరో 9, 10, 11, 12 ఒకే కొలతలో ఉంటాయి, ఒకే హౌసింగ్ నాలుగింటికీ సరిపోతుంది. కంపెనీదైతే 60 మీటర్ల దాకా భరోసా. వేరే కంపెనీలవి రెండు వేల లోపే వస్తాయి. నా అభిప్రాయంలో పిసినారితనం చూపించకూడని చోటు ఇదొక్కటే. కెమెరా పాతదైనా పర్వాలేదు, హౌసింగ్ మాత్రం కొత్తది, నమ్మకమైనది ఉండాలి. టీజీ-6కి ఒలింపస్ సొంత హౌసింగ్ 45 మీటర్ల దాకా తట్టుకుంటుంది, కానీ దాని ఖరీదు ఎక్కువ. నేను దిగేది 12 మీటర్ల లోపే కాబట్టి అది లేకుండానే వెళ్ళాను. కోర్సు చేసి 18కి దిగేవాళ్ళయితే ఆ ఖర్చు తప్పదు.

హౌసింగ్ చేతికొచ్చిన రోజే కెమెరా పెట్టి నీళ్ళలో ముంచకండి. ముందు ఖాళీ హౌసింగ్‌లో ఒక టిష్యూ కాగితం పెట్టి మూసి, బకెట్టు అడుగున బరువేసి కొన్ని గంటలు ఉంచండి. కాగితం అంచు కాస్త తడిసినా తెలిసిపోతుంది. నీరు లోపలికి రాకుండా ఆపేది మూత చుట్టూ ఉండే సన్నటి రబ్బరు రింగు, దాన్ని ఓ-రింగ్ అంటారు. దాని మీద వెంట్రుక ముక్క పడినా, ఒక్క ఇసుక రేణువు ఉన్నా నీళ్ళకి దారి దొరికినట్టే. తమ్ముడు హౌసింగ్‌ని లైటు కిందికి తెచ్చి, రింగు బయటికి తీసి, వేలితో చుట్టూ తడిమి చూసి, గాడిని పొడి గుడ్డతో తుడిచి, మళ్ళీ కూర్చోబెట్టేవాడు. "అక్కా, ఫ్యాన్ ఆపు, దుమ్ము పడుతోంది" అని రోజూ ఒకటే గొడవ. ఆ గొడవ వల్లే ట్రిప్ అంతా చుక్క నీరు లోపలికి పోలేదు. టీజీలో అయితే బ్యాటరీ మూత, చార్జింగ్ మూత రెండూ ఉంటాయి. రెండింటి తాళాలూ పడ్డాయో లేదో ఒడ్డునే చూసుకోవాలి.

అండమాన్ ఖర్చు పెట్టుకునే ముందు వైజాగ్‌లో ఒకసారి దిగాం. పొద్దున్నే రత్నాచల్ ఎక్కితే మధ్యాహ్నానికల్లా చేరిపోతాం, మన ఊరి నుంచి ఇంతకంటే చవకైన స్కూబా లేదు. రుషికొండ వైపు డైవింగ్ నేర్పేవాళ్ళు శ్రద్ధగా చెప్పారు, సామాను శుభ్రంగా ఉంది. నీళ్ళు మాత్రం ఆకుపచ్చగా, మసకగా ఉన్నాయి. చేయి చాచినంత దూరం దాటితే వస్తువు అంచులు కనపడవు. అక్కడ తీసిన ఫోటోల్లో ఫ్లాష్ వేసినవన్నీ పాడయ్యాయి. ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటుంది కదా, వెలుతురు ముందు నీళ్ళలో తేలే నలుసుల మీద పడి నేరుగా లెన్సులోకే తిరిగొస్తుంది. ఫోటో నిండా మంచు కురుస్తున్నట్టు తెల్ల చుక్కలు. ఫ్లాష్ ఆపేసి, రాయికి అతుక్కున్న నత్తల్నీ పీతల్నీ దగ్గరగా తీస్తే మాత్రం బాగా వచ్చాయి. వైజాగ్‌ని నేను తక్కువ చేయను. డైవింగ్ మనకి పడుతుందా, చెవుల్లో ఒత్తిడి తట్టుకోగలమా, కెమెరా బటన్లు చేతికి అందుతున్నాయా అని తేల్చుకోవడానికి అది సరైన చోటు. విశాలమైన సముద్ర దృశ్యం కావాలంటే అక్కడ దొరకదు.

బటన్ల సంగతి ఎందుకు చెప్తున్నానంటే, నీళ్ళలో టచ్‌స్క్రీన్ పనిచేయదు. వీడియోనా, ఫోటోనా, ఎంత వెడల్పు అన్నీ పడవలోనే సెట్ చేసుకోవాలి.

అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి మేం చెన్నై మీదుగా వెళ్ళాం. రాత్రి రైలు, పొద్దున విమానం. విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు చెక్-ఇన్ బ్యాగులో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే ఉండాలి. లైటులోని బ్యాటరీ కూడా తీసి విడిగా పెట్టుకుంటే చెకింగ్ దగ్గర ఆలస్యం ఉండదు. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది, హేవ్‌లాక్ 2018 నుంచే స్వరాజ్ ద్వీప్. ఆటోవాళ్ళూ డైవింగ్‌వాళ్ళూ ఇంకా పాత పేర్లే అంటున్నారు కాబట్టి నేనూ అవే రాస్తున్నాను. పోర్ట్ బ్లెయిర్ బజారులో తెలుగు బాగా వినపడుతుంది. శ్రీకాకుళం, వైజాగ్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇడ్లీ తింటుంటే పక్క బల్ల దగ్గర మన మాట వినపడితే ఆ సంతోషమే వేరు.

బస విషయంలో నేను గట్టిగా చెప్పేది ఏసీ గది గురించి. హేవ్‌లాక్‌లో బీచ్ పక్కన వెదురు గుడిసెలు చవకగా దొరుకుతాయి, చూడ్డానికి చాలా బాగుంటాయి. మొదట అలాంటి దాంట్లోనే దిగాం. కానీ గాలిలో తేమ ఎక్కువ. ఆ గాలిలోనే హౌసింగ్ మూస్తే తేమ కూడా లోపలే ఉండిపోతుంది. కెమెరా నడుస్తూ వేడెక్కుతుంది, బయట నీళ్ళు అద్దాన్ని చల్లబరుస్తాయి. ఆ చల్లటి అద్దం మీద తేమ పొగమంచులా పేరుకుంటుంది. తమ్ముడి మొదటి డైవ్ వీడియోలో సగం నుంచి అంతా తెల్లగా మసకే. మర్నాడు విజయనగర్ బీచ్ వైపు ఏసీ గదికి మారాం. ఏసీ నడుస్తుంటే గాలిలో తేమ తగ్గుతుంది. పొద్దున్నే ఆ గదిలోనే బ్యాటరీ, కార్డు వేసి, హౌసింగ్ మూసి, లోపల తేమ పీల్చే చిన్న కాగితం పట్టీ ఒకటి పెట్టి, మళ్ళీ పడవలో తెరవలేదు. మసక పోయింది. గుడిసెకీ ఏసీ గదికీ ఉన్న తేడా డబ్బు కొత్త లెన్సు కొన్నంత పని చేసింది. గుడిసెలోనే ఉండాలనుకుంటే కాగితం పట్టీలు ఎక్కువ తీసుకెళ్ళండి, ఉన్నప్పుడే చార్జింగ్ పెట్టుకోండి. మేం దిగిన చోట కరెంటు వస్తూ పోతూ ఉండేది.

డైవింగ్ సెంటర్లు అన్నీ మంచి మాటలే చెప్తాయి. తేడా తెలియాలంటే నీళ్ళ తొట్టి చూడండి. కెమెరాలకి మంచినీళ్ళ తొట్టి వేరుగా పెట్టి, మాస్కులూ వెట్‌సూట్లూ అందులో ముంచనివ్వని చోట మిగతావి కూడా పద్ధతిగా ఉంటాయి. మేం మొదట వెళ్ళిన చోట అన్నింటికీ ఒకటే తొట్టి, అడుగున ఇసుక. రెండో చోట పడవలో కెమెరాలకి ఒక మూల, కింద దళసరి తువ్వాలు. మేం నీళ్ళలోకి దూకాక కుర్రాడు వంగి చేతికందించేవాడు, పైకొచ్చేటప్పుడు ముందు కెమెరా అందుకునేవాడు. కెమెరా చేత్తో పట్టుకుని దూకితే దెబ్బ తగిలేది మూత గడికే. ఈ సెంటర్ కాస్త ఖరీదే, అయినా నేను మళ్ళీ అక్కడికే వెళ్తాను.

ఇంకో మాట. మొదటిసారి దిగేవాళ్ళని చాలాచోట్ల కెమెరా తీసుకెళ్ళనివ్వరు, అదే సరైన పద్ధతి. నీళ్ళలో పైకీ కిందికీ పోకుండా నిలకడగా ఉండటం రాకముందే చేతిలో కెమెరా ఉంటే చూపంతా స్క్రీన్ మీదే ఉంటుంది, కాళ్ళు పోయి పగడాలకి తగులుతాయి. కాళ్ళకి తొడిగే ఫిన్ తగిలితే విరిగే కొమ్మ ఎన్నో ఏళ్ళు పెరిగినది. పగడాలకి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, ఒడ్డున దొరికిన ముక్కని జేబులో వేసుకురావడం కూడా నేరమే. కాబట్టి ఒక్కసారి సరదాగా దిగి వచ్చేవాళ్ళు ఏమీ కొనకండి, సెంటర్‌వాళ్ళు తీసే ఫోటోలు చాలు. కాకపోతే డబ్బు కట్టే ముందే అసలు ఫైళ్ళు కార్డులో వేసిస్తారా అని అడగండి. ఒకచోట మాకు వాట్సాప్‌లో పంపారు, సైజు తగ్గిపోయి మొహాలు కూడా సరిగా తెలియలేదు. కోర్సు చేసినవాళ్ళకి కొన్ని సెంటర్లు కెమెరా అద్దెకిస్తాయి. ఏడాదికోసారి దిగేవాళ్ళకి అద్దె కంటే చవకైనది ఇంకేమీ లేదు.

కొత్తవాళ్ళని ఎక్కువగా తీసుకెళ్ళేది నెమో రీఫ్‌కి. ఒడ్డు నుంచే నడిచి దిగొచ్చు, లోతు తక్కువ. చవక కెమెరాకి అంతకంటే అనుకూలమైన చోటు నేను చూడలేదు, ఎందుకంటే లోతు తక్కువైతే ఎండ వెలుతురు అందుతుంది. నీళ్ళు ముందు మింగేసేది ఎరుపు రంగుని. ఐదారు మీటర్లకే అది బాగా తగ్గిపోతుంది, తర్వాత నారింజ, ఇంకా కింద పసుపు. చివరికి అంతా నీలమే. ఎంత ఖరీదైన కెమెరా అయినా లేని రంగుని తేలేదు. అక్కడే చిన్న వీడియో లైటు విలువ తెలుస్తుంది. తమ్ముడు లైటుని కెమెరాకి అతికించకుండా, పొడుగాటి పట్టీతో పక్కకి జరిపి పెట్టాడు, నలుసులు మెరవకుండా. సముద్రపు పువ్వులా ఉండే అనిమోన్ దగ్గర ఆగాం. మామూలుగా చూస్తే మట్టిరంగులో ఉన్న క్లౌన్ చేప. లైటు అలా పక్కనుంచి తిప్పేసరికి ఒళ్ళంతా నారింజ, మధ్యలో తెల్ల పట్టీలు, పట్టీల అంచున నల్లటి సన్నగీత. అది బెదిరిపోలేదు, లెన్సుకి అడ్డంగా రెండుసార్లు వచ్చి మళ్ళీ లోపలికి దూరింది. పైకొచ్చాక వాడి మొదటి మాట: "అక్కా, కెమెరా కంటే ముందు ఈ లైటు కొనాల్సింది!"

లైటు లేనివాళ్ళకి లెన్సు ముందు పెట్టే ఎర్ర ఫిల్టరు కొంత సాయం చేస్తుంది, నీలం నీళ్ళలో ఐదు మీటర్ల కింద. పైపైన దాన్ని వాడితే అంతా గులాబీ రంగుకి తిరుగుతుంది. లైటు వేసినప్పుడు ఫిల్టరు తీసేయాలి.

రెండు కెమెరాల మధ్య తేడా నెమో రీఫ్‌లోనే తేలిపోయింది. గోప్రో వెడల్పుగా చూస్తుంది, చేపల గుంపు, డైవర్, పైనుంచి పడే ఎండ అన్నీ ఒకే చట్రంలో పడతాయి. కదిలినా వీడియో నిలకడగా వస్తుంది. కానీ అడుగు కంటే దగ్గరికి వెళ్తే దానికి ఫోకస్ దొరకదు. వేలెడంత లేని రంగురంగుల సముద్రపు నత్తలు దాంట్లో మసగ్గానే పడ్డాయి. టీజీ-6 మైక్రోస్కోప్ మోడ్‌లో ఒక సెంటీమీటరు దూరం నుంచి కూడా తీస్తుంది. దాని నీళ్ళ మోడ్‌లో తెలుపు తెల్లగానే పడేలా రంగులు కూడా సరిచేసుకోవచ్చు. వీడియోలో మాత్రం తమ్ముడి గోప్రోదే పైచేయి. కుటుంబంతో వెళ్ళి, జ్ఞాపకాలు కావాలనుకునేవాళ్ళకి పాత గోప్రో, మంచి హౌసింగ్, ఒక లైటు. చిన్న ప్రాణుల మీద ఇష్టం ఉన్నవాళ్ళకి టీజీ. రెంటికీ ఒకటే నియమం: దగ్గరికి వెళ్ళండి. మీటరు దాటితే మధ్యలో ఉన్న నీళ్ళే ఫోటో నిండా పడతాయి. మాస్కులోంచి చూస్తే వస్తువు ఉన్నదానికంటే పాతిక శాతం దగ్గరగా కనిపిస్తుంది, అందుకే మనకి దగ్గరే అనిపించిన చేప ఫోటోలో దూరంగా ఉంటుంది.

ఇంటికి బయల్దేరే ముందు రోజుని ఖాళీగా ఉంచుకోండి. వరుసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఆ సమయం కెమెరాకే కేటాయించాం: హౌసింగ్‌ని మూత తీయకుండా మంచినీళ్ళలో నానబెట్టి, నీళ్ళలోనే బటన్లన్నీ నొక్కి ఉప్పు వదిలించి, నీడలో ఆరబెట్టి, బాగా ఆరాక తెరిచి కార్డులు కాపీ చేసుకున్నాం. సముద్రం బాగోక ఫెర్రీలు ఆగిపోయే రోజులుంటాయి, కాబట్టి విమానానికి ముందు రాత్రే పోర్ట్ బ్లెయిర్ చేరిపోతే ఆ టెన్షన్ ఉండదు. అక్కడ మాత్రం ఏసీ గది అక్కర్లేదు, కెమెరా అప్పటికే పొడిగా బ్యాగులో ఉంటుంది.