హేగ్ కోర్టా, పరాయి దేశపు కోర్టా: బాధితులకు ఏది మేలు?

జనాన్ని జైల్లో పెట్టి చిత్రహింసలకు గురిచేసిన అధికారిని ఎవరు విచారించాలి? సొంత దేశంలో పోలీసులు, కోర్టులు అతని ప్రభుత్వం చేతిలోనే ఉంటే మిగిలేవి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఉన్న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు. రెండోది, ఇలాంటి నేరం ఎక్కడ జరిగినా విచారించే చట్టం ఉన్న మరో దేశపు కోర్టు.

సిరియా సంగతే చూడండి. హేగ్ కోర్టును ఏర్పరచిన రోమ్ ఒప్పందంలో ఆ దేశం చేరలేదు. అప్పటి ప్రభుత్వం ఒప్పుకునేది కాదు కాబట్టి కేసును ఐక్యరాజ్యసమితి భద్రతా మండలే హేగ్‌కు పంపాల్సి వచ్చింది. 2014 మేలో 15 దేశాల్లో 13 ఒప్పుకున్నా, రష్యా, చైనా వీటో వేశాయి. అంతటితో ఆ దారి ఆగిపోయింది.

డమాస్కస్‌లోని 251వ బ్రాంచ్ నిర్బంధ కేంద్రంలో ఖైదీలను ప్రశ్నించే విభాగాన్ని నడిపిన అన్వర్ రస్లాన్ అదే ఏడాది శరణార్థిగా జర్మనీ చేరాడు. అక్కడే తలదాచుకుంటున్న సిరియా లాయర్ అన్వర్ అల్ బున్ని బెర్లిన్‌లో అతన్ని చూసి గుర్తుపట్టారు. 2020 ఏప్రిల్‌లో కోబ్లెంజ్ నగర కోర్టులో విచారణ మొదలైంది. ఆ గదుల్లో దెబ్బలు తిన్నవాళ్లు రస్లాన్ ఎదుటే సాక్ష్యం చెప్పారు. 27 హత్యలతో సహా మానవాళిపై నేరాలకు, అంటే పౌరుల మీద పెద్దఎత్తున లేదా పథకం ప్రకారం సాగించే ఘోరాలకు, 2022 జనవరిలో అతనికి యావజ్జీవ శిక్ష పడింది.

ఇందులోనూ లోటుంది. విచారణ జర్మన్‌లో సాగింది. గ్యాలరీలో కూర్చున్న సిరియన్లకు అరబిక్ అనువాదం ఇవ్వలేదు. రాజ్యాంగ న్యాయస్థానం కలగజేసుకున్నాక గుర్తింపున్న అరబిక్ విలేకరులకు మాత్రం దొరికింది. ఎవరి కన్నీళ్ల మీద ఆ కేసు నడుస్తోందో వాళ్లకే అక్కడి మాట అర్థం కాకపోవడం చాలా బాధాకరం.

పదవిలో ఉన్న అధ్యక్షుడి మీదికి వెళ్లాలంటే మాత్రం హేగే మేలు. పరాయి దేశపు కోర్టుల్లో అతనికి పదవి రక్షణ ఉంటుంది, హేగ్‌లో ఆ రక్షణ చెల్లదు. అయితే ఆ కోర్టుకు సొంత పోలీసులు లేరు. అప్పటి సూడాన్ అధ్యక్షుడు బషీర్ మీద 2009లోనే వారెంట్ వచ్చింది. అయినా 2015లో దక్షిణాఫ్రికా వెళ్లి నిక్షేపంగా తిరిగొచ్చాడు.

అందుకే నా ఓటు రెండో దారికి. ఆ కోర్టు వెనక అరెస్టు చేసే పోలీసులుంటారు, వీటో అడ్డం రాదు. అధ్యక్షుడు దొరక్కపోయినా, ఆయన హుకుం అమలుచేసినవాడు దొరుకుతాడు.

మరి మన దేశం? 1984 సిక్కుల ఊచకోత కేసు తీర్పులో ఢిల్లీ హైకోర్టు, మానవాళిపై నేరాలు, జాతి హననం మన చట్టంలో నేరాలుగా లేవని 2018లో ఎత్తిచూపింది. 2024లో ఐపీసీ స్థానంలో అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఆ లోటు పూడ్చలేదు. రేపు రస్లాన్ లాంటివాడు హైదరాబాద్‌లో దిగినా, మానవాళిపై నేరమని కేసు పెట్టడానికి సెక్షనే లేదు. పార్లమెంటు ముందుగా ఆ సెక్షన్ తేవాలి.