అల్ట్రామెరీన్ మీద ఇష్టం, ఆరియోలిన్ మీద కోపం: సొంతంగా కలుపుకున్న ఆకుపచ్చలతో కొన్నేళ్లు

నా నీటిరంగుల డబ్బాలో శాప్ గ్రీన్ అనే ఆకుపచ్చ ట్యూబు అయిపోయాక మళ్లీ కొనలేదు. అప్పటి నుంచి నా బొమ్మల్లోని ఆకుపచ్చలన్నీ ప్యాలెట్ మీద కలుపుకున్నవే. ఏ నీలంలో ఏ పసుపు కలిపితే ఏ ఛాయ వస్తుందో చూపించే పట్టికలు కావలసినన్ని దొరుకుతాయి కాబట్టి ఆ జోలికి పోను. ఇన్నాళ్లు వాడాక కూడా నన్ను వదలని ఆకర్షణ ఒకటుంది. అల్ట్రామెరీన్‌ అనే నీలంతో కలిపిన ఆకుపచ్చ, కాగితం మీద ఆరుతూ ఆరుతూ మళ్లీ విడిపోతుంది.

ఈ నీలం రేణువులు కాస్త ముతకవి. గరుకు కాగితం మీద నీళ్లు ధారాళంగా ఉంచి వాష్ (పలుచని రంగునీటి పూత) వేస్తే అవి మెల్లగా గుంటల్లోకి దిగిపోతాయి. సన్నటి పసుపు మాత్రం మిట్టపల్లాలు చూడకుండా అంతటా పరుచుకుంటుంది. ఆరాక దగ్గరికి వెళ్లి చూస్తే నీలి చుక్కలు, వాటి మధ్య పసుపు, నాలుగడుగులు వెనక్కి వేస్తే ఆకుపచ్చ. గుబురు చెట్టు వేసేటప్పుడు ఆకులన్నీ గీయనక్కర్లేకుండా సగం పని కాగితమే చేసిపెడుతుంది. ట్యూబుల్లో వచ్చే శాప్ గ్రీన్ చాలావరకు థాలో గ్రీన్‌కు పసుపో గోధుమ రంగో చేర్చిన మిశ్రమమే. రంగు బాగానే ఉంటుంది, కానీ చెట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే రంగు. నాకు విసుగు పుట్టింది అక్కడే.

మొదట్లో ఈ నీలానికి ఆరియోలిన్‌ను జోడీగా పెట్టుకున్నాను. కోబాల్ట్ నుంచి చేసే పారదర్శకమైన పసుపు అది, ట్యూబు మీద దాని పిగ్మెంట్ (రంగుపొడి) సంఖ్య పీవై 40 అని ఉంటుంది. కలిసినంతసేపూ ఎంత శుభ్రంగా ఉంటుందో చెప్పలేను. కింద వేసిన రంగును కప్పేయదు, ఎండ తగిలిన గడ్డికి కావలసిన వెలుగు ఇస్తుంది. కనిపించిన ప్రతి చిత్రకారుడికీ దాన్ని సిఫారసు చేశాను. ఆ రోజుల్లోనే ఒక తోట బొమ్మ వేసి, చట్రం కట్టించి, పగటి వెలుతురు బాగా పడే గోడకు తగిలించాను. ఆ బొమ్మకు ముందు వేసి చూసుకున్న రంగుల మచ్చలు స్కెచ్ పుస్తకంలో ఉండిపోయాయి.

రోజూ కళ్లెదురుగా ఉండే వస్తువులో మార్పు కనబడదు. చాలా కాలానికి వేరే పని మీద ఆ పుస్తకం తీసి, అందులోని మచ్చలను గోడ మీది బొమ్మ పక్కన పెట్టాను. పుస్తకంలోని లేతాకుపచ్చ వేసిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. గోడ మీద ముందువరుస గడ్డి బూడిద కలిసిన నీలంగా మారిపోయింది. పసుపు ఒక్కటే వేసిన చోట్ల మాసిన గోధుమ ఛాయ తేలింది. నీడల కోసం చిక్కగా పట్టించిన చోట అంత తేడా లేదు. దెబ్బంతా పలుచని వాష్‌ల మీదే పడింది, అంటే నాకు ఎక్కువ ఇష్టమైన భాగం మీదే. అల్ట్రామెరీన్ ఎక్కడి రేణువు అక్కడే, చెక్కుచెదరలేదు. ట్యూబు మీద మాత్రం వెలుతురుకు నిలిచే గుణానికి మంచి మార్కులే వేసి ఉన్నాయి. నా కోపం ఆ మార్కుల మీద. పలచన చేసి వాడటానికే పుట్టిన రంగుకు, పలచన చేస్తే ఏమవుతుందో చెప్పని మార్కు ఎందుకు?

ఇది కొత్త కథ కూడా కాదు. హుకర్స్ గ్రీన్ అని ట్యూబుల్లో వచ్చేదానికి ఆ పేరు విలియం హుకర్ (1779–1832) నుంచి వచ్చింది. మొక్కల బొమ్మలు వేసే ఆయన, ఆకుల కోసం ప్రష్యన్ బ్లూ అనే నీలంలో గాంబోజ్ అనే పసుపు కలిపేవారు. అంటే ట్యూబు ఆకుపచ్చ కూడా ఒకప్పుడు ఎవరో ప్యాలెట్ మీద కలుపుకున్నదే. చెట్టు జిగురు నుంచి తీసే ఆ గాంబోజ్ కూడా వెలుతురుకు ఆగదు. ఇప్పుడు అదే పేరుతో వచ్చే ట్యూబుల్లో వేరే పిగ్మెంట్లు వాడుతున్నారు.

ప్రస్తుతం ఆరియోలిన్ స్థానంలో నికెల్ అజో పసుపు, పీవై 150, వాడుతున్నాను. చిక్కగా ఉన్నప్పుడు మురికి గోధుమలా కనబడి భయపెడుతుంది కానీ నీళ్లు తగలగానే తేటపడుతుంది, వెలుతురుకూ గట్టిగా నిలుస్తుంది. అల్ట్రామెరీన్ దీని నుంచి కూడా చక్కగా విడిపోతుంది. కొంచెం ఎండిన ఆకు ఛాయ కావాలంటే బర్న్ట్ సియెన్నా అనే ఎర్రగోధుమ రంగు చుక్క చాలు.

విడిపోవడం గురించి అంత పొగిడాను కదా, నున్నటి కాగితం మీద అది దాదాపు జరగదు. ఆరేలోపు కుంచెతో రెండుసార్లు కెలికినా అంతే. పైగా అల్ట్రామెరీన్‌లో ఎరుపు జాడ ఉంటుంది కాబట్టి ఏ పసుపు కలిపినా పచ్చదనం కాస్త అణిగే వస్తుంది. చిగురాకుకు అది సరిపోదు. దానికి థాలో బ్లూ కావాలి, దానితో వేరే తంటా. పసుపులోకి కుంచె మొనతో అంటీ అంటనట్టు చేర్చాలి, కాస్త ఎక్కువైతే ప్యాలెట్ అంతా దానిదే. ట్యూబు ఆకుపచ్చలు అక్కర్లేదన్న నా డబ్బాలో ఇప్పుడు థాలో గ్రీన్ కూడా ఉంది. నేరుగా వాడను, కలపడానికే. అలా అనుకుంటున్నాను.

పెద్ద కాగితం మీద పొలమంతా ఒకే రంగుతో నింపాలంటే ఈ పద్ధతి ఏడిపిస్తుంది. కలిపిన రంగు సగంలో అయిపోతే అదే ఛాయ మళ్లీ దొరకదు, దొరికిందనుకున్నది ఆరాక వేరుగా తేలుతుంది. నేను చిన్న కాగితాల మీద, ఇంట్లో కూర్చుని, తొందర లేకుండా వేస్తాను కాబట్టి సరిపోతోంది. ఆరుబయట వెలుగు మారిపోతుండగా వేసేవాళ్లు ఒక శాప్ గ్రీన్ దగ్గర పెట్టుకుంటే నేనేమీ అనను, కొనేముందు దానిలోని పిగ్మెంట్ల సంఖ్యలు చూసుకోమంటాను. వేసిన బొమ్మలను పుస్తకంలోనే మూసి ఉంచేవాళ్లకు ఆరియోలిన్‌తో పెద్ద ఇబ్బంది రాకపోవచ్చు. నా బొమ్మలు గోడెక్కుతాయి, అందుకని దానితో నాకు కుదరదు.