లాస్ ఏంజెలెస్ బేసిన్ వేగ నమూనా: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తా, సీవీఎం-ఎస్4.26.ఎం01 మంచి నమూనానే. 5 సెకన్లు, అంతకంటే ఎక్కువ పీరియడ్ (ఒక ఊపుకి పట్టే సమయం) ఉన్న భూకంప అలలకైతే పెద్దగా టెన్షన్ లేకుండా వాడుకోవచ్చు. ఒక హెర్ట్జ్ (సెకనుకు ఒక ఊపు) దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏ స్టేషన్‌కి (భూకంప కదలికలు నమోదు చేసే చోటుకి) ఆ స్టేషన్ విడిగా చూడాల్సిందే.

తెలియనివాళ్ళ కోసం: దక్షిణ కాలిఫోర్నియా నేల కింద ఏ లోతులో పీ (ముందు వచ్చే), ఎస్ (తర్వాత వచ్చే) భూకంప తరంగాల వేగం ఎంతో, సాంద్రత ఎంతో చెప్పే త్రీడీ నమూనా ఇది. దీంతో కంప్యూటర్‌లో భూకంపపు ఊపుని లెక్కగట్టి (సిమ్యులేషన్), అసలు రికార్డులతో పోల్చి చూస్తాం. స్కెక్ అనే కాలిఫోర్నియా భూకంప పరిశోధన సంస్థ ఇచ్చే యూసీవీఎం సాఫ్ట్‌వేర్‌కి అక్షాంశం, రేఖాంశం, లోతు ఇస్తే విలువలు వచ్చేస్తాయి. ఇన్‌స్టాల్ చేయడానికి కాస్త ఓపిక కావాలి. పేరులో 26 అంటే 26 సార్లు టోమోగ్రఫీతో (నమోదైన తరంగాలను బట్టి భూగర్భాన్ని అంచనా వేసే పద్ధతితో) సరిదిద్దారని. ఎం01లో నేల పైపొరల మెత్తదనాన్ని మళ్ళీ కలిపారు కాబట్టి, అది లేని వెర్షన్ జోలికి పోకండి.

నేను ఎక్కువగా పోల్చి చూసింది 2014 మార్చి 28 నాటి లా హాబ్రా భూకంపంతో, తీవ్రత 5.1. ఇంత చిన్నదే ఎందుకంటే, దాని మూలాన్ని దాదాపు ఒక బిందువుగా తీసుకోవచ్చు, తేడా వస్తే తప్పు నేల నమూనాలో ఉందని కాస్త ధైర్యంగా అనొచ్చు. 1994 నార్త్‌రిడ్జ్ లాంటి 6.7 అయితే ఫాల్ట్ (భూమిలోని పగులు) ఎక్కడ ఎంత జారిందన్నదే పెద్ద తగాదా.

రాతి మీదున్న స్టేషన్లలో మొదటి ఎస్ తరంగం చక్కగా కలుస్తుంది. డౌనీ, కాంప్టన్ వైపు బేసిన్ (అవక్షేపాలతో నిండిన పల్లం) మధ్యలోకి వస్తేనే అసలు పరీక్ష. అక్కడ అవక్షేపాల మందం కిలోమీటర్లలో ఉంటుంది, బేసిన్ అంచుల దగ్గర పుట్టిన ఉపరితల తరంగాలు లోపలే చిక్కుకుని అటూ ఇటూ తిరుగుతాయి, దాంతో రికార్డులో పెద్ద ఊపు అయిపోయాక కూడా పొడవాటి తోక సాగుతూనే ఉంటుంది. నా సిమ్యులేషన్లలో ఆ తోక చాలాచోట్ల ముందే చచ్చిపోయేది.

మార్కుల్లో ఇది కనబడదు, నా గొడవంతా అదే. సిమ్యులేషన్ రికార్డుకి ఎంత దగ్గరో కొలవడానికి చాలామంది వాడే ఆండర్సన్ పద్ధతి (2004)లో పది కొలతలకు 0 నుంచి 10 దాకా మార్కులేసి సగటు తీస్తారు. పీక్‌లకి (గరిష్ఠ ఊపులకి) 8, ఊపు వ్యవధికి 4 వచ్చినా సగటు 6 దగ్గర నిలబడి ‘బాగుంది’ అనిపించుకుంటుంది. లెక్కల్లో తప్పినవాణ్ణి మొత్తం మార్కులు చూసి పాస్ చేసినట్టుంటుంది. సగటు ఒక్కటే చూపించే పేపర్ కనిపిస్తే నేను నేరుగా తరంగరూపాల బొమ్మకే వెళ్తాను.

ఇంకో సంగతి, ఎస్ వేగానికి సెకనుకు 500 మీటర్ల కనీస హద్దు పెట్టి, తర్వాత నమూనాని తిట్టేవాళ్ళున్నారు. 500 దగ్గర, 1 హెర్ట్జ్‌కి, తరంగదైర్ఘ్యానికి 8 బిందువుల లెక్కన గ్రిడ్ (లెక్కగట్టే బిందువుల మధ్య దూరం) సుమారు 60 మీటర్లు కావాలి. హద్దుని 250కి దించితే గ్రిడ్ సగమై, లెక్కింపు 16 రెట్లవుతుంది, అందుకే చాలామంది దించరు. అంటే మెత్తటి మట్టి మీ గ్రిడ్‌లోకి రానేలేదు, ఇక నమూనాని అని ఏం లాభం? అలాగే తోక కుదరకపోతే క్షీణతని చెప్పే క్యూ విలువ పెంచేసి కుదిరించడం కూడా మామూలే. పెంచితే పెంచారు, ఎంత పెంచారో రాయండి.

రికార్డుకీ సిమ్యులేషన్‌కీ ఒకే ఫిల్టర్, ఒకే బ్యాండ్ (హెర్ట్జ్‌ల పరిధి) వాడండి. ఇది వేరే చెప్పాలా అనిపిస్తుంది కానీ చెప్పాల్సే వస్తోంది.

మన కృష్ణా-గోదావరి బేసిన్‌కి పనికొస్తుందా అని కొందరు అడిగారు. రాదు, ఇది కాలిఫోర్నియా కోసం కట్టింది. పద్ధతి తీసుకోవచ్చు, కాకపోతే పోల్చడానికి అక్కడి నేల మీద నమోదైన రికార్డులు చేతిలో ఉండాలి.

40, 50 అంతస్తుల టవర్ల మీద పని చేసేవాళ్ళయితే నిరభ్యంతరంగా తీసుకోండి. రెండంతస్తుల ఇళ్ళ కోసమైతే ఇదొక్కటే చాలదు, వాటిని ఊపేది కొన్ని హెర్ట్జ్‌ల అలలు కాబట్టి ఆ ఎక్కువ హెర్ట్జ్‌ల భాగాన్ని బ్రాడ్‌బ్యాండ్ పద్ధతిలో విడిగా కలుపుకోవాలి.