జెమ్‌పై: పొర మధ్యలో తీసిన డిప్‌కీ విలువుంది

భూమి లోపలి రాతి పొరల త్రీడీ మోడల్ కట్టే సాఫ్ట్‌వేర్ జెమ్‌పైతో చాలాకాలంగా పని చేస్తున్నాను. అది ఓపెన్ సోర్స్ అనీ, పైథాన్‌లో నడుస్తుందనీ, త్రీడీ బొమ్మలు చూపించే పైవిస్టాలో మోడల్‌ని అటూ ఇటూ తిప్పి చూడొచ్చనీ ఈ రంగంలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. నేను రాయాలనుకున్నది ఒక్క గుణం గురించి. ఫీల్డ్‌లో తీసిన డిప్ (పొర ఎటు, ఎంత కోణంలో వాలిందో చెప్పే) కొలత ఒక్కదాన్ని కూడా ఇది వృథా పోనివ్వదు.

రెండు శిలలు కలిసే కాంటాక్ట్ కంటికి కనబడే చోట్లు ఎంత తక్కువో ఫీల్డ్‌కి వెళ్లినవాళ్లకి తెలుసు. మట్టి కప్పేస్తుంది, లేదా రాలిపడ్డ రాళ్ల కింద ఉండిపోతుంది. కాంపాస్ ఆనించడానికి దొరికేది ఎక్కువగా పొర మధ్యలో బయటపడ్డ రాయే. అంతకుముందు నేను కాంటాక్ట్ గీతల్ని ఒక్కో సెక్షన్‌లో (నేలని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మలో) చేత్తో గీసి, వాటిని ఉపరితలాలుగా కలిపేవాణ్ణి. పొర మధ్యలో తీసిన డిప్‌లు మహా అయితే గీత గీసేటప్పుడు ఓసారి చూసుకోవడానికి పనికొచ్చేవి.

జెమ్‌పై వాడే పద్ధతిని లాజోనీ, ఆయన సహచరులు 1997లో ప్రచురించారు. ఒకదానిపై ఒకటి వరసగా పేరుకున్న పొరలన్నిటికీ కలిపి ఒకే స్కేలార్ ఫీల్డ్ (ప్రతి బిందువుకీ ఒక సంఖ్య ఇచ్చే లెక్క) కడుతుంది. ఒక కాంటాక్ట్ మీది బిందువులన్నిటి దగ్గరా ఆ ఫీల్డ్ విలువ సమానంగా ఉండాలి. డిప్ కొలతేమో ఆ ఫీల్డ్ ఏ దిక్కుగా పెరుగుతోందో చెబుతుంది. ఆ కొలత కాంటాక్ట్ మీదే తీసి ఉండనక్కర్లేదు, ఆ వరసలో ఎక్కడ తీసినా సరే.

ఒక లోయ మోడల్‌లో దీని బలం చూశాను. బోర్‌హోల్స్ అన్నీ ఒక పక్కనే ఉన్నాయి. వాటితో కడితే ఇసుకరాయి అడుగు దాదాపు చదునుగా అవతలి అంచుదాకా వెళ్లిపోయింది. అవతలి గట్టు మీద, ఇసుకరాయి మధ్యలో తీసిన డిప్‌లు చేర్చి మళ్లీ కంప్యూట్ చేస్తే ఆ ఉపరితలం కిందికి వంగిన మడత, అంటే సింక్లైన్ అయింది. అసలు సంతోషం టోపోగ్రఫీ (నేల ఎత్తుపల్లాలు) మీద కాంటాక్ట్ తేలిన గీతని దగ్గరగా చూసినప్పుడు కలిగింది. ఆ గట్టు నుంచి దిగే వాగుని దాటేచోట కాంటాక్ట్ V ఆకారం తీసుకుని, మొన దిగువకి తిరిగింది. పొర కూడా దిగువకే, వాగు వాలు కన్నా ఎక్కువ కోణంలో దిగుతుంటే అలాగే రావాలి. నా ఫీల్డ్ మ్యాప్‌లోనూ అక్కడ అదే మొన ఉంది. ఆ భాగం గీతని నేను మోడల్‌కి ఇవ్వనేలేదు!

అయితే ఏ కొలతనీ వృథా పోనివ్వదంటే తప్పుడు కొలతనీ పోనివ్వదనే. డేటాలో క్రాస్ బెడ్డింగ్ (పొర లోపలే ఏటవాలుగా పేరుకున్న సన్నని చారలు) డిప్ ఒకటి బెడ్డింగ్ (అసలు పొరల అమరిక) పేరుతో కలిసిపోతే చుట్టుపక్కల పొరలన్నీ దాని మాటే వింటాయి. డేటా లేని మూలల్లో పొర గుండ్రంగా మూసుకుని బుడగలా తేలడమూ ఉంది. ఇంటర్‌పొలేషన్ (తెలిసిన బిందువుల మధ్య ఖాళీని లెక్కతో నింపడం) స్వభావమే అది. కానీ బుడగా అదే రంగులో, అంతే నునుపుగా కనబడుతుంది కాబట్టి డేటా బిందువులు చూపించకుండా ఉపరితలం ఒక్కదాన్నీ నేను ఎవరికీ చూపించను. నిలువు స్కేల్‌నీ సాగదీయను. ఐదు రెట్లు సాగదీస్తే 10 డిగ్రీల డిప్ 41 డిగ్రీలు దాటి కనబడుతుంది, చూసినవాళ్లకి అదే గుర్తుండిపోతుంది. ఒకటీ రెండూ ఫాల్ట్‌లైతే (శిలలు విరిగి జరిగిన చోట్లు) సాఫీగానే వస్తాయి. ఒకదాన్నొకటి కోసుకునేవి ఎక్కువైతే ఏది ముందు, ఏది తర్వాత అని సర్దడానికే చాలా సమయం పోతుంది.

నేను చేసేది మడతలు పడ్డ అవక్షేప శిలల మీద. బోర్‌హోల్స్ తక్కువ, ఫీల్డ్ కొలతలు ఎక్కువ, పైథాన్ అలవాటే. నాకైతే దీన్ని మార్చే ఆలోచన లేదు. దగ్గరదగ్గరగా డ్రిల్లింగ్ ఉన్న గనిలో ఖనిజ శాతం లెక్కగట్టేవాళ్లకి డిప్‌ల వల్ల ఇంత లాభం ఉండకపోవచ్చు. కోడ్ రాయడం ఇష్టం లేనివాళ్లకి మాత్రం నేను సిఫార్సు చేయను.