హాల్ బుకింగ్: రిజిస్టర్ బుక్కా, గూగుల్ క్యాలెండరా?

హన్మకొండల మా చిన్న హాల్ బుకింగులు నేనే చూస్తున్న, ఒగ్గు కథ వాళ్లు, చిందు యక్షగానం వాళ్లు, పేరిణి నేర్చుకునే పిల్లలు అందరు వస్తరు, రెండూ వాడి చూసినంకనే చెప్తున్న.

ఖర్చు: రిజిస్టర్‌కు ఒక లాంగ్ నోట్‌బుక్కు. క్యాలెండర్ ఫ్రీనే, నెట్ ఉండాలె.

శ్రమ: రిజిస్టర్ల రాసుడు అల్క, వెతుకుడే కష్టం. క్యాలెండర్‌ను కమిటీ వాళ్లతోని షేర్ చేసుకుంటే, ఒక్కసారి ఎక్కిస్తే అందరికి కనవడ్తది.

రిస్కు: అసలు ముచ్చట ఇదే. పోయినేడు బతుకమ్మ ముందు బుక్కు ఒకరింట్ల ఉండె, ఫోన్ల ఇంకొకరు మాటిచ్చిన్రు, ఒకటే సాయంత్రానికి రెండు బృందాలు ఆటోలల్ల సామాన్లేసుకొని గేటు కాడికొచ్చినయ్. ఒగ్గు బృందం పెద్దమనిషి ఏమనలే, డోలు గుడ్డల మూటగట్టుకొని ఎనక్కి పోయిండు, నాకైతే ఆ రాత్రి నిద్ర పట్టలే. క్యాలెండర్ గూడ తనంతట తాను డబుల్ బుకింగ్ ఆపదు, ఒకే టైముకు రెండు పెడితే పక్కపక్కన చూపిస్తది అంతే, చూసి ఓకే చెప్పేటోళ్లు ఒక్కరే ఉండాలె.

నెలకు నాలుగైదు ప్రోగ్రాంలు, ఒక్కరే చూసుకునేది ఉంటే రిజిస్టర్ చాలు. ముగ్గురు నలుగురు ఫోన్లు ఎత్తే కాడ క్యాలెండరే పెట్టుకోర్రి. స్మార్ట్‌ఫోన్ లేని కళాకారులను మాత్రం ఆన్‌లైన్ ఫారం నింపమనకుర్రి, వాళ్లు ఫోన్ చేస్తే మనమే ఎక్కియ్యాలె.